తాళం వేసిన మాట

ముప్ఫయ్యొక్కేళ్ళు నేను ఇంగ్లీషు మాటలకి డేనిష్ మాటలు వెతికి జతచేశాను. పుట్టింది కాకినాడలో, కూర్చున్నది సింగపూర్‌లో, రాసింది డెన్మార్క్ వాళ్ళ కోసం. నవ్వొస్తే నవ్వండి. మా ఆవిడ విమల పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన నవ్వు ఇంకా ఆపలేదు.

మొన్న ఇక్కడే బిషాన్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే, అనువాదాల కంపెనీలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "అంకుల్, మీరు ఈ ఫీల్డ్‌లో సీనియర్ అంట కదా, ఏమైనా టిప్స్ చెప్పండి" అంది. నోట్లో పులిహోర ఉంది కాబట్టి బతికిపోయాను. లేకపోతే "వేరే ఉద్యోగం చూసుకో తల్లీ" అనేసేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అది తప్పించుకోవడం అనిపించింది. అందుకని రాస్తున్నాను. ఎప్పుడు ఏ పదవి వచ్చింది, ఏ ఫారం ఎలా నింపాలి, అవేవీ రాయను. నేర్చుకున్న రెండు మూడు సంగతులూ, చేసిన ఒక పాపమూ రాస్తాను. ఆ పాపం దగ్గరికి వచ్చేసరికి చదవబుద్ధి కాకపోతే మానెయ్యండి. రాయడం నాకూ ఇష్టంగా లేదు.

హెన్నింగ్ నేర్పిన పని

నేను టైపిస్టుగా చేరాను. ముసలివాళ్ళనీ కదల్లేని రోగుల్నీ మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టే యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. యజమానులు డెన్మార్క్ వాళ్ళు, ఫ్యాక్టరీ ఇక్కడే సింగపూర్‌లో, ఆంగ్ మో కియో అనే పేటలో. కింద యంత్రాలు తయారయ్యేవి, నాలుగో అంతస్తులో వాటిని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు తయారయ్యేవి. ముందు ఇంగ్లీషులో, ఆ తర్వాత డేనిష్‌లో. ఆ పుస్తకాల విభాగానికి పెద్ద హెన్నింగ్. ఆరడుగుల మనిషి, ఎండకి ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండేవాడు. ఎదురుగా తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో రోజూ చికెన్ రైస్ తినేవాడు. నేను పెరుగన్నం డబ్బా తీసుకెళ్ళి ఎదురుగా కూర్చునేవాణ్ణి. అక్కడే, ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో, నాకు డేనిష్ వచ్చింది. ఎందుకు నేర్పావని ఒకసారి అడిగితే, "మిగతావాళ్ళు తింటూ ఫోన్లో మాట్లాడతారు, నువ్వు నా మొహం చూస్తావు" అన్నాడు.

మొదటి పెద్ద పని ఇచ్చినప్పుడు ఇంగ్లీషులో ప్రతి వాక్యానికీ ముందు ప్లీజ్ ఉంది. డేనిష్‌లో ప్లీజ్‌కి సరిగ్గా సరిపోయే ఒకే ఒక్క మాట లేదు. నేను నిఘంటువు తిరగేసి 'వెన్లిస్ట్' అనే మాట పట్టుకుని, పుస్తకం పొడుగునా చల్లేశాను. మర్యాద తగ్గితే కాకినాడ పరువు పోతుందన్నట్టు. హెన్నింగ్ రెండు పేజీలు చదివి పగలబడి నవ్వాడు. "ఇది నర్సులకి రాసిన పుస్తకంలా లేదయ్యా, అద్దె ఆలస్యమైనప్పుడు ఇంటాయన పంపే నోటీసులా ఉంది" అన్నాడు. అప్పుడు వెలిగింది. దయచేసి అని మనం మాత్రం ఇంట్లో అంటామా? రైల్వే స్టేషన్ మైకులో తప్ప వినపడుతుందా? "కాసిని మంచినీళ్ళివ్వమ్మా" అంటే ఆ "అమ్మా"లోనే ఉంది ఉండాల్సిందంతా. ఆ రోజు వెన్లిస్ట్‌లన్నీ ఏరి పారేశాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరడానికి సాయంత్రమైంది.

రెండోది స్లింగ్. మనిషిని ఎత్తే యంత్రానికి ఉండే గుడ్డని ఇంగ్లీషులో స్లింగ్ అంటారు. నిఘంటువు దానికి 'స్లూంగె' అని చెప్పింది. అది పిట్టల్ని కొట్టే వడిసెలకి సరిపోతుంది, విరిగిన చేతిని మెడకి వేలాడదీసే గుడ్డకి సరిపోతుంది. ముసలావిడని మంచం మీంచి ఎత్తే గుడ్డకి సరిపోదు. డెన్మార్క్ నర్సులు దాన్ని 'సైల్' అంటారు, అంటే తెరచాప. ఏ నిఘంటువులోనూ నాకది దొరకలేదు. హెన్నింగ్ వాళ్ళ చెల్లెలు వృద్ధాశ్రమంలో పనిచేసేది, ఆవిడ ఫోన్లో చెప్పింది. "నిఘంటువు మాట చెబుతుంది, చెయ్యి చెప్పదు. చేతిని చూడకుండా మాట రాయకు" అన్నాడు హెన్నింగ్.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా, దానికి మాటలు రాసేవాడు కిందకి వెళ్ళి, ఆ గుడ్డలో పడుకుని, తనని తాను ఎత్తించుకోవాలి. మొదటిసారి నన్ను ఎత్తినప్పుడు పంచెతో కట్టిన ఉయ్యాల్లో పసివాడిలా ముడుచుకుపోయి, కాళ్ళు గాల్లో ఆడిస్తూ గుండె చిక్కబట్టుకున్నాను. ఫ్యాక్టరీ వాళ్ళంతా చేరి "రావ్, స్మైల్ లా!" అని, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ "లా"తో సహా అరుస్తూ, ఫోటోలు తీశారు. కానీ ఆ భయంతో రాసిన పుస్తకం బాగా వచ్చింది. పడుకున్న మనిషికి ఏం తెలియాలో, ఎత్తే మనిషి చెయ్యి ఎక్కడ ఉండాలో నా ఒంటికే తెలిసింది కదా.

ఇంకొక ఆచారం నాలుగు కళ్ళు. పుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు ఇద్దరు కూర్చుని పైకి చదవాలి. ఒకరు ఇంగ్లీషు, ఒకరు డేనిష్, వాక్యం తర్వాత వాక్యం. చదివాక ఇద్దరూ కాగితం మీద పొట్టి సంతకాలు పెట్టాలి. రాసినవాడు మొదటి సంతకం, తప్పు పట్టుకునేవాడు రెండోది. రెండో సంతకానిదే బరువు ఎక్కువ అనేవాడు హెన్నింగ్, ఎందుకంటే రాసినవాడికి తన తప్పు కనపడదు.

తాళాలు

హెన్నింగ్ రిటైరై వెళ్ళిపోయాడు. కంప్యూటర్లో మాటల పట్టిక వచ్చింది. ఒక ఇంగ్లీషు మాటకి ఒక డేనిష్ మాట ఖాయం చేశాక, దాని పక్కన చిన్న తాళం బొమ్మ వేసేవాళ్ళం. తాళం పడిన మాటని ఎవరూ మార్చకూడదు. ఆ పట్టిక మీద హక్కు నాది. ఆఫీసులో నాకు డేనిష్ రావ్ అని పేరు పడిపోయింది. లిటిల్ ఇండియాలో కూరగాయలు కొంటుంటే కూడా ఎవరో ఒకరు "ఏం డేనిష్ గారూ" అని పలకరించేవారు. ఆ పిలుపుకి ఛాతీ ఉప్పొంగేదని ఒప్పుకుంటున్నాను. తర్వాత నేను చేసిన నీచమైన పనికి మూలం అదే.

ఆ తర్వాత కంప్యూటర్లో అనువాద యంత్రం వచ్చి, తనే అనువదించడం మొదలుపెట్టింది. మొత్తం పుస్తకాన్ని నిమిషాల్లో రాసిపారేసేది. తాళం పడిన మాటలు మాత్రం మా పట్టికలోంచే తీసుకునేది. మా పని దిద్దడానికి తగ్గింది, మనుషులు తగ్గారు, టైము ఇంకా తగ్గింది. కొత్త మేనేజర్ సెరీన్ ఇక్కడి చైనీస్ ఆవిడ, చెడ్డది కాదు, పైనుంచి వచ్చిన ఒత్తిడిని కిందకి దించేది అంతే. పైకి చదవడానికి కేటాయించిన రోజులు ఎత్తేసింది. సంతకాల కాగితం మాత్రం ఉంచింది, ఆడిట్ వాళ్ళు అడుగుతారని. నాలుగు కళ్ళు పోయాయి, రెండు సంతకాలు మిగిలాయి. ఒకరి కాగితం మీద ఒకరం చదవకుండా పెట్టేసుకునేవాళ్ళం. సర్దుకుపోవడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య కదా. నేనూ సర్దుకుపోయాను. కిందకెళ్ళి గుడ్డలో పడుకోవడం కూడా మానేశాను. మోకాళ్ళు నొప్పి అనేవాణ్ణి. లిఫ్ట్ ఉంది, మూడంతస్తులు దిగడానికి మోకాళ్ళెందుకు?

సౌజన్య

సౌజన్య విజయవాడ అమ్మాయి. డెన్మార్క్‌లో పీజీ చేసింది. చదువుకునే రోజుల్లో ఖర్చులకి అక్కడ ఒక వృద్ధాశ్రమంలో పనిచేసింది. అంటే నేను పుస్తకాల్లో రాసిన పనిని తను చేతులతో చేసింది. భర్తతో విడిపోయి, ఆరేళ్ళ కూతురు నిత్యని తీసుకుని మా దగ్గర ఉద్యోగానికి వచ్చింది. బిషాన్‌లో ఒక ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకుంది. నిత్యకి దగ్గర్లో ఒకటో తరగతి, ఇక్కడి మాటలో ప్రైమరీ వన్‌లో సీటు దొరకడానికి నెలల తరబడి తిరిగింది. బయటి దేశం పిల్లలకి ఇక్కడ ఆఖర్న మిగిలిన సీట్లే. దొరికిన రోజు ఆఫీసు మొత్తానికి లడ్డూలు పంచింది. తల్లి ఉద్యోగం ఉంటే ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ ఉంటుంది, పాస్ ఉంటే బడి ఉంటుంది. తన బతుకంతా ఆ ఒక్క కార్డు మీద నిలబడి ఉందని మా అందరికీ తెలుసు. నాకు అందరికన్నా బాగా తెలుసు.

మొదటి వారంలోనే నా పనిలో ఒక తప్పు పట్టుకుంది. పేషెంట్ ఇంటివాళ్ళకి ఇచ్చే కరపత్రంలో ఇంగ్లీషు గ్రాండ్‌మదర్‌కి నేను 'మోర్మోర్' అని వేశాను. అది అమ్మమ్మ. నాయనమ్మకి 'ఫార్మోర్' అని వేరే మాటుంది, మనకున్నట్టే. ఇద్దరికీ పనికొచ్చే మాట ఇంకొకటుంది. తెలుగువాడినై ఉండి ఆ తేడా పట్టించుకోకపోవడం సిగ్గుచేటు. తను ఆ సంగతి నాకు మెయిల్ రాసింది, సెరీన్‌కి కాపీ పెట్టింది. నేను తప్పు దిద్దాను. కానీ ఆ కాపీ నాకు ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నవ్వుతూనే అన్నాను.

"మనలో మనకి మెయిళ్ళేమిటమ్మా? ఏదైనా ఉంటే వచ్చి చెప్పు. ఒక ఊరివాళ్ళం లాంటివాళ్ళం."

"సారీ అంకుల్, అక్కడ అలవాటైపోయింది. ఇంకెప్పుడూ పెట్టను."

ఆ మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత ఏ సందేహమొచ్చినా నా బల్ల దగ్గరికొచ్చి, నిలబడి, తెలుగులో చెప్పేది. ఎక్కడా అక్షరం రాసి పెట్టేది కాదు. పిల్ల వినయం గలదని విమలకి చెప్పి మురిసిపోయాను. ఆదివారాలు ఇంటికి పిలిచి గోంగూర పచ్చడి పెట్టేవాళ్ళం. నిత్య మా సోఫా మీద గెంతుతూ "అంకుల్, యువర్ హౌస్ సో స్మాల్ లా" అనేది.

అటాచ్

ఇంగ్లీషులో అటాచ్ అంటే జతచేయడం. చెయ్యి ఏం చేస్తుందో ఆ మాటకి పట్టదు. తగిలించినా, కట్టినా, అతికించినా, బిగించినా అటాచే. డేనిష్‌లో అలా కుదరదు, తెలుగులో కూడా కుదరదు. చేతి పనిని బట్టి మాట మారాలి. మా పాత యంత్రాలన్నిటిలో గుడ్డ అంచులకి నాలుగు ఉచ్చులు ఉండేవి, పైన కడ్డీకి కొక్కేలు ఉండేవి. ఉచ్చుని కొక్కేనికి తగిలిస్తే చాలు. అందుకని అటాచ్‌కి డేనిష్‌లో 'హెక్తె పో' అని, అంటే తగిలించు అని, హెన్నింగూ నేనూ కలిసి ఖాయం చేశాం. పట్టిక వచ్చినప్పుడు నేను మొదటగా తాళం వేసిన మాటల్లో అదొకటి.

కొత్త మోడల్ వచ్చింది. ఇంగ్లీషు పుస్తకంలో మళ్ళీ అటాచే. అనువాద యంత్రం మళ్ళీ హెక్తె పో వేసింది. నేను బల్ల దగ్గరే కూర్చుని మొత్తం చూసేసి, మొదటి సంతకం పెట్టి, రెండోదానికి కాగితం సౌజన్య బల్ల మీద పెట్టాను. ఒక గంటకి చేతిలో ప్లాస్టిక్ ముక్క ఒకటి పట్టుకుని వచ్చింది.

"అంకుల్, కిందకెళ్ళి చూసొచ్చాను. దీనికి కొక్కెం లేదు. క్లిప్పు. టక్‌మనేదాకా నొక్కాలి. మనమింకా తగిలించు అనే రాస్తున్నాం."

"పక్కన బొమ్మ ఉంది కదమ్మా."

"బొమ్మ ఎవరు చూస్తారంకుల్? పొద్దున్న షిఫ్ట్‌లో ఒక్కదాన్నే ఎనిమిది మందిని లేపేదాన్ని నేను. పాతదానికి అలవాటైన చెయ్యి దీన్నీ ఊరికే తగిలించి వదిలేస్తుంది. చూట్టానికి పట్టినట్టే ఉంటుంది, నొక్కకపోతే జారిపోద్ది. 'క్లికె ఫాస్ట్' అని వెయ్యాలి. టక్‌మనేలా బిగించు అని."

తను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమని ఆ క్షణంలోనే నాకు తెలుసు. ఆ ముక్క నా చేతిలో పెట్టింది కూడా. కానీ ఆ తాళం తియ్యాలంటే ఆ మాట ఉన్న పుస్తకాలన్నీ మళ్ళీ చూడాలి. శుక్రవారం అచ్చు. సెరీన్ దగ్గరికెళ్ళి, నా పట్టికలో నేను తాళం వేసిన మాట తప్పయింది, నేను కిందకెళ్ళి చూడలేదు, నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి చూసింది అని చెప్పాలి.

"వచ్చే ఎడిషన్‌లో మారుద్దాం. ఇప్పటికి పెట్టెయ్ తల్లీ, నేనున్నాను కదా" అన్నాను.

"మీరు చెబుతున్నారు కాబట్టి" అని సంతకం పెట్టింది.

మీటింగ్ గది

కొన్ని నెలలకి డెన్మార్క్ నుంచి ఉత్తరం వచ్చింది. చిన్న ఊళ్ళో ఒక వృద్ధాశ్రమం. పొద్దున్న ఒక పెద్దావిడని మంచం మీంచి ఎత్తుతుంటే ఒకవైపు క్లిప్పు జారింది. తుంటి విరిగింది. మూడు వారాలకి పోయింది. ఎత్తిన అమ్మాయి కొత్త, శిక్షణ సరిగా లేదు, ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్కతే ఉంది, ఇవన్నీ రిపోర్టులో రాశారు. వాటితో పాటు ఇంకో వాక్యం: వాడకం పుస్తకంలో బిగించమని లేదు, తగిలించమని ఉంది.

ఆవిడ పేరు రిపోర్టులో లేదు. వయసు ఉంది. మా అమ్మకన్నా రెండేళ్ళు చిన్న.

సెరీన్ మమ్మల్నిద్దర్నీ పిలిచింది. స్క్రీన్ మీద డెన్మార్క్ నుంచి ఇద్దరు. బల్ల మీద ఆ సంతకాల కాగితం. రాసినవాడు పొరబడొచ్చు, పట్టిక ప్రకారం వేశాడు, కానీ రెండో సంతకం పెట్టినవారు పట్టుకోవాలి, అందుకే కదా రెండో సంతకం, అన్నాడు స్క్రీన్ మీద ఒకాయన. హెన్నింగ్ మాటే, హెన్నింగ్ లేని చోట.

సెరీన్ నా వైపు తిరిగింది. "మిస్టర్ రావ్, సెకండ్ రీడర్ మీకు ఏమైనా ఫ్లాగ్ చేసిందా? మెయిల్ ఏమీ లేదు, ఐ చెక్డ్. నోటితో ఏమైనా చెప్పిందా?"

చెప్పింది అంటే చాలు. మూడక్షరాలు. నాకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది, సొంత ఫ్లాట్ ఉంది, రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. పోయేదేముంది? తిట్లు తినేవాణ్ణి, తాళాలు వేరేవాళ్ళ చేతికి పోయేవి, డేనిష్ రావ్ అన్న పేరు పోయేది. అంతే.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

సౌజన్య నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను నిజంగానే మర్చిపోయానేమో, గుర్తు చెయ్యనా వద్దా అన్నట్టు చూసింది. ఆ చూపుకి నేను తల దించుకుని పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను. తర్వాత తనే నెమ్మదిగా "ఐ షుడ్ హావ్ చెక్డ్" అంది.

బయటికొచ్చాక కారిడార్‌లో అడిగాను, సిగ్గులేకుండా, "ఎందుకమ్మా చెప్పలేదు?" అని.

"మీరు గుర్తు లేదన్నాక, నలుగురిలో మిమ్మల్ని అబద్ధమాడుతున్నారని ఎట్లా అంటానంకుల్? మీ ఇంట్లో అన్నం తిన్నాను."

ఉద్యోగం పోయింది. పాస్ రద్దయ్యాక దేశం వదలడానికి నెల రోజులు ఇస్తారు. ఆ నెలలో ఇంకో ఉద్యోగం దొరకలేదు. ఈ రెండు భాషలకీ ఇక్కడ ఎన్ని ఉద్యోగాలుంటాయి కనుక, అందులోనూ ఇలా పంపించేసినవాళ్ళకి? సామాను సర్దే రోజు బిషాన్ వెళ్ళాను. అట్టపెట్టెలకి టేపు అంటించి ఇచ్చాను. నోరు తెరిచి క్షమించమని అడగలేకపోయాను. నిత్య యూనిఫాం వేసుకునే ఉంది, ఆ రోజు బడి లేకపోయినా. "అంకుల్, మై స్కూల్ సో నియర్ లా. వై మస్ట్ గో?" అని అడిగింది. అమ్మనడుగు అన్నాను. ఆరేళ్ళ పిల్లకి కూడా నేను నిజం చెప్పలేదు.

ఇంటికొచ్చి విమలకి మొత్తం చెప్పాను. "గుర్తు లేదన్నారా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. "ఛీ" అని లేచి వెళ్ళిపోయింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఛీ అనడం అదొక్కసారే.

చెప్పడానికి మిగిలింది

కాబట్టి, గృహప్రవేశంలో టిప్స్ అడిగిన అమ్మాయీ, నా దగ్గరున్నది ఒకటే. రాసి పెట్టు. కాపీ పెట్టు. మనవాళ్ళ దగ్గరైతే మరీ పెట్టు. వచ్చి చెప్పమ్మా, మనలో మనకేమిటి అని ఏ పెద్దాయన అయినా అంటే, ఆయన నాలాంటివాడని అర్థం చేసుకో. వినయం వల్ల నువ్వు చెడిపోతావు, ఆయనకేమీ కాదు. మా రోజుల్లో పని గొప్పగా ఉండేదని మాత్రం నన్ను చెప్పమనకు. గుడ్డలో పడుకునే ఆచారం హెన్నింగ్ పెడితే, మానేసింది నేను. అనువాద యంత్రం తప్పు చేసిందని ఇప్పుడు అందరూ అంటారు. యంత్రం నేను వేసిన తాళాన్ని నమ్మింది, అంతవరకే దాని తప్పు.

నిజం ఎప్పుడు చెప్పినా నిజమే అనుకునేవాణ్ణి. రిటైరయ్యే వారం సెరీన్ గదికెళ్ళి తలుపేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు మిస్టర్ రావ్? ఫైల్ క్లోజ్డ్. ఇది తెరిస్తే అక్కడ లాయర్లు మొదలుపెడతారు. ఆ అమ్మాయిని వెనక్కి తేగలనా? క్యానాట్. హ్యాపీగా రిటైర్ అవ్వండి, కెన్? సరేనా?"

కేకు కోశారు. పట్టిక ఇంకొకరికి అప్పగించాను. అటాచ్ పక్కన తాళం తీసేసి, చెయ్యి చూసి రాయాలి అని ఒక నోటు పెట్టాను. కొత్త పద్ధతిలో నోట్లు ఉండవట, యంత్రం చదవదని తీసేశారని తర్వాత తెలిసింది.

ఈ మధ్య సౌజన్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వెళ్ళాక అదే మొదటిసారి. విజయవాడలో ఉంది. నిత్య తెలుగు మీడియం పిల్లల మధ్య బిక్కమొహం వేసుకుని కూర్చుంటోందట. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి డేనిష్ వచ్చినవాళ్ళు కావాలి, ఇంటర్వ్యూ బాగా జరిగింది, పాత ఆఫీసులో పైన పనిచేసినవాళ్ళ దగ్గర్నుంచి ఒక ఉత్తరం అడిగారు.

"సెరీన్‌కి రాస్తే జవాబు లేదంకుల్. మీరు ఇవ్వగలరా?"

ఇవ్వగలనా! దేవుడు నాకో అవకాశం ఇచ్చాడనుకున్నాను. రెండు రోజులు కూర్చుని రెండు పేజీలు రాశాను. ఏదీ దాచలేదు. ఈమె తప్పు ముందే పట్టుకుంది, కిందకెళ్ళి చూసి వచ్చి నాకు చెప్పింది, నేను వినలేదు, నేనే బలవంతంగా సంతకం పెట్టించాను, అడిగినప్పుడు గుర్తు లేదని అబద్ధమాడాను. కింద నా పూర్తి పేరు రాసి పంపాను. చాలా రోజుల తర్వాత ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"చదివానంకుల్. థ్యాంక్స్."

"సరిపోతుందా అమ్మా? ఇంకేమైనా కలపమంటే కలుపుతాను."

వెనక కుక్కర్ విజిల్ వినపడింది.

"అంకుల్, దీంట్లో నాకు ముందే తెలుసని ఉంది కదా."

"అవును, అదే కదా నిజం! నువ్వు పట్టుకున్నావని..."

"తెలిసీ సంతకం పెట్టానని ఉంది. ఇన్నాళ్ళూ నేను చూసుకోలేదు, పొరపాటైంది అని చెప్పుకుంటున్నాను. అదైతే ఎట్లాగో ఒకట్లా ఊరుకుంటారు. తెలిసి పెట్టానంటే ఎవరిస్తారంకుల్ ఉద్యోగం? ఒక మనిషి చచ్చిపోయింది కదా."

తను చెప్పింది ఈసారీ నిజమే. నా అబద్ధం తనని అజాగ్రత్త మనిషిని చేసింది, నా నిజం అంతకన్నా ఘోరమైనదాన్ని చేస్తోంది.

"మార్చి రాస్తానమ్మా. తెలుసు అని కాకుండా, అనుమానం వచ్చింది అని వేస్తాను. లేకపోతే, సూచించింది అని..."

"వద్దంకుల్. ఇంకో మాట వెతక్కండి." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎప్పట్నుంచి ఎప్పటిదాకా పనిచేశానో ఆ తేదీలు వేసివ్వండి. అది చాలు."

తేదీలు వేసి ఇచ్చాను.